దొర దిబ్బ మీద చలువరాయి

56 ఏపీఓ
14 జూన్ 2003

చిన్నమ్మకు, చిన్నాయనకు దస్రు దండాలు పెట్టి రాసేది.

నేను బాగున్నాను. రొట్టెలు గొంతు దిగవని ఏడ్చినవాణ్ని, ఇప్పుడు పూటకు ఆరు లాగిస్తున్నాను. ఎర్రావు ఈనిందా? పెయ్యా, కోడెదూడా? ఆ సంగతి తప్పకుండా రాయండి.

ఇక అసలు మాట. పొయ్యి మీద కుండ ఉంటే దించి, కూర్చుని చదువు చిన్నమ్మా.

మా పటాలంలో పెద్ద హాలు ఒకటుంది. వెండి కప్పులు, పులి తలకాయలు, పాత తెల్ల సాహెబుల బొమ్మలు. పోయిన వారం దాన్ని దులిపే పని మాకు పడింది. నేను నిచ్చెన మీద, నిచ్చెన పట్టుకుని లాల్‌సింగ్. మన కారేపల్లి దగ్గర తండావాడు, నాతోనే భర్తీ అయ్యాడు. ఎర్ర గడ్డం సాహెబు బొమ్మ ఒకటి తుడుస్తుంటే దాని కింద ఇత్తడి రేకు మీద ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి. లాల్‌సింగ్ ఇంటర్ దాకా చదివాడు కదా, కూడబలుక్కుని చదివాడు. పేరు కెప్టెన్ రాల్ఫ్ పెంబర్. పదిహేడేళ్లకు ఓడెక్కి వచ్చి మద్రాసు సైన్యంలో చేరాడట. బర్మాలో కొట్లాడాడు. ఆఫ్రికాలో కాలికి తూటా దిగింది. పతకాలు తెచ్చుకున్నాడు. మా కంపెనీని మొదట నిలబెట్టింది ఆయనే. ముప్పై ఏళ్ల కొలువు ఆఖరున గోదావరి అడవుల్లో ఫితూరీని అణచి, 1880లో తునికిగూడెంలో జ్వరంతో చనిపోయాడు.

"అరె, గిది మీ ఊరే కదరా!" అని లాల్‌సింగ్ నిచ్చెన వదిలేశాడు. నేను పడబోయి పులి చెవి పట్టుకున్నాను.

మన దొర దిబ్బ చిన్నమ్మా! ఏటా కొత్తల పండుగ నాడు చిన్నాయన చెంబుతో వాగు ఒడ్డుకు పోయి ఇప్పసారా పోసి, చుట్ట ముట్టించి పెట్టే దిబ్బ! అందులో పడుకున్నది మా కంపెనీ దొరే. ఇక్కడ కూడా రైజింగ్ డే అని మా కంపెనీ పుట్టిన పండుగ నాడు మొదటి రమ్ము గ్లాసు ఆయన బొమ్మ ముందు పోస్తారు. అక్కడ మనం, ఇక్కడ వీళ్లు. నాకు ఒళ్లు పులకరించింది.

ఉండబట్టలేక సుబేదార్ సాబ్‌కు చెప్పేశాను. మా ఇంటివాళ్లం తప్ప ఇంకెవరూ ఆ దిబ్బకు పోయకూడదని, తాతల నాటి నుంచి మేమే ఆ దొరకు పూజారులమని చెప్పాను. ఆయన నన్ను కర్నల్ సాబ్ దగ్గరికి తీసుకుపోయాడు. కర్నల్ సాబ్ కుర్చీలోంచి లేచి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఈసారి రైజింగ్ డే నాడు ఆ మొదటి గ్లాసు నేనే పోయాలట. వానలు తగ్గాక సార్లు కొందరు మన ఊరికి వచ్చి దిబ్బ మీద చలువరాయి వేస్తారట.

ఇన్నాళ్లూ ఇక్కడ అందరూ నన్ను 'జంగ్లీ' అని పిలిచేవాళ్లు. ఇప్పుడు 'పూజారి' అంటున్నారు.

మీ
దస్రు

తునికిగూడెం
9 జూలై 2003

బిడ్డ దస్రుకు చిన్నమ్మ ముత్తక్క దీవెనలు.

ఎర్రావు పెయ్యదూడను పెట్టింది. నుదుట తెల్ల మచ్చ. మీ చిన్నాయన దాన్ని ఎత్తుకుని తిరుగుతున్నాడు, నిన్ను కూడా అంత ఎత్తుకోలేదు. అంగన్‌వాడీ పెంకులు కారుతున్నాయి. పిల్లలను ఒక మూలకు కూర్చోబెట్టి పాట చెబుతున్నాను, చినుకులు తాళం వేస్తున్నాయి. నేను ఏడో తరగతితో ఆగిపోయినా టీచరమ్మనే కదా, అందుకే నీ ఉత్తరంలో తప్పులు దిద్దలేదు, ఓర్చుకున్నాను.

దొర సంగతి చదివి మీ చిన్నాయనకు వినిపించాను. ఆయన లేచి చేనుకు పోయాడు.

బిడ్డా, ఆ సార్లను రానీయకు. వాగు దాటే దారి బాగాలేదు. దోమలున్నాయి, మలేరియా ఉంది. ఊళ్లోకి తుపాకులవాళ్లు వచ్చిపోతే ఆ తరువాత అడవిలోంచి ఎవరెవరో వచ్చి ఎందుకొచ్చారని అడుగుతారు. మనకెందుకు ఆ తలనొప్పి? అడుసు తొక్కనేల, కాలు కడగనేల? దొర మాట మన ఇంట్లో నలుగురిలో చెప్పుకునే మాట కాదు. ఆ గ్లాసు కూడా ఇంకెవరినైనా పోయమని చెప్పు.

వేళకు తిను. బూట్లు విప్పాక కాళ్లు తుడుచుకో, పుండ్లు పడతాయి.

ముత్తక్క

56 ఏపీఓ
10 ఆగస్టు 2003

చిన్నమ్మకు దస్రు దండాలు.

నీ ఉత్తరం ఇరవై రోజులు పట్టింది. గోదావరి పొంగి భద్రాచలం బస్సులు ఆగిపోయాయని రేడియోలో విన్నాను. మీరంతా క్షేమమే కదా?

నువ్వు ఎందుకు వద్దంటున్నావో నాకు అర్థమైంది. దోమలు, దారి అన్నీ వంకలు. ఇల్లు కారుతుంది, కూర్చోబెట్టడానికి కుర్చీ లేదు, పెద్ద సార్లు వస్తే ఏం పెట్టాలని నీకు సిగ్గు. అంతే కదా? దానికి నేనున్నాను. డబ్బు పంపుతున్నాను, గోడలకు సున్నం వేయించు. చిన్నాయనకు ఒక ప్యాంటు, చొక్కా పార్శిల్ చేశాను. గోచీతో సార్ల ముందు నిలబడవద్దని చెప్పు. ఆ రోజు దిబ్బ దగ్గర కోడిని కోయవద్దు. ఇప్పసారా వాసన వాళ్లకు పడదు, క్యాంటీన్ రమ్ము సీసా సార్లే తెస్తారు. ఇంకొక మాట, ఏమీ అనుకోకు. వాళ్ల ముందు మన కోయ మాట మాట్లాడకండి. తెలుగులోనే మాట్లాడండి, లాల్‌సింగ్ హిందీలో చెబుతాడు.

నాకు లాన్స్ నాయక్ పట్టీ వచ్చేలా ఉంది చిన్నమ్మా. అంతా ఆ దొర చలవే.

దస్రు

తునికిగూడెం
6 సెప్టెంబరు 2003

దస్రుకు చిన్నమ్మ రాసేది.

పార్శిల్ చేరింది. ప్యాంటు నడుములో ఇద్దరు పడతారు. మీ చిన్నాయన దాన్ని దండెం మీద వేసి, ఎవరో కొత్త మనిషి ఇంటికి వచ్చినట్టు దాని వంక చూస్తున్నాడు.

నువ్వు పుట్టినప్పుడు నీ బొడ్డు కోసిన మంత్రసాని కోయ మాటే మాట్లాడింది. నీ తల్లీ తండ్రీ ఒకే వానాకాలంలో జ్వరంతో పోతే నిన్ను ఈ గోచీ మనిషే భుజం మీద వేసుకుని భద్రాచలం దవాఖానాకు నడిచాడు. అప్పుడు నీకు సిగ్గు తెలియదు, పసివాడివి. ఇప్పుడు మమ్మల్ని చూస్తే సిగ్గుగా ఉందా కొడుకా? ఉంటే ఉండనీ. కానీ నా సిగ్గు నీ సిగ్గు ఒకటే అనుకోకు. సున్నంతో పోయే సిగ్గు కాదు నాది.

మళ్లీ చెబుతున్నాను, వాళ్లను రానీయకు. నువ్వు ఇంకా పండుగ చెంబు చేతికి రానివాడివి. ఇంతకన్నా ఎక్కువ నా నోట చెప్పించకు. మింగలేక కక్కలేక ఉన్నాను.

డబ్బు సున్నానికి వాడలేదు, పెంకులు కప్పించాను.

ముత్తక్క

56 ఏపీఓ
4 అక్టోబరు 2003

చిన్నమ్మకు,

నాకు మీరంటే సిగ్గని రాశావు. అది చదివి రెండు రోజులు అన్నం తినలేదు. సిగ్గైతే కర్నల్ సాబ్ ముందు మా ఊరు, మా ఇల్లు అని ఎందుకు చెప్పుకుంటాను?

చెంబు చేతికి రాలేదన్నావు. నిజమే, పండుగ చెంబు చిన్నాయన నా చేతికి ఇవ్వలేదు. నేను పటాలానికి పోయానని ఇంటి పూజారితనం నాకు లేకుండా చేస్తారా? నాన్న ఉంటే ఇచ్చేవాడు. నా ఎదుగుదల మీకు కష్టంగా ఉన్నట్టుంది.

సార్లు నవంబరులో కొత్తల పండుగ రోజుకే వస్తున్నారు. ఆ రోజైతే బాగుంటుందని నేనే చెప్పాను. నాకు సెలవు దొరకలేదు, రైజింగ్ డే పరేడ్ కోసం ఇక్కడే ఉంచారు. లాల్‌సింగ్ వస్తాడు. ఇక ఆపడం నా చేతిలో లేదు. నా పరువు కాపాడండి.

దస్రు

తునికిగూడెం
16 నవంబరు 2003

బిడ్డా,

మీవాళ్లు వచ్చారు, పోయారు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు పోలీసు జీపు, వెనక మీ బండ్లు. అంగన్‌వాడీ పిల్లలు నా చీర కుచ్చిళ్లలో దూరారు. మీ కర్నల్ సారు చెడ్డవాడు కాదు, అబద్ధమెందుకు చెప్పాలి? పిల్లలకు బిస్కెట్లు పంచాడు. నాకు వంగి దండం పెట్టాడు. దిబ్బ మీద సిమెంటు వేసి చలువరాయి నిలబెట్టారు. దాని మీద దొర పేరు, కొట్లాడిన చోట్లు, పతకాలు అన్నీ చెక్కి ఉన్నాయి. మీ చిన్నాయన నీ ప్యాంటు తొడుక్కుని, జారిపోకుండా పగ్గం కట్టుకుని నిలబడ్డాడు. ఆయన చేతికి పూలదండ ఇచ్చి మీరే వేయండి అన్నారు. ఆయన నా వంక చూశాడు. నీ పరువు గుర్తొచ్చి నేను నేల వంక చూశాను. ఆయన వేశాడు. ఫొటో తీశారు.

తరువాత కర్నల్ సారు లాల్‌సింగ్‌తో అడిగించాడు, మీ తాతలు మా కెప్టెన్‌కు ఏం సేవ చేశారని. మీ చిన్నాయన పగ్గం ముడి సర్దుకున్నాడు. లాల్‌సింగే ఏదో అల్లి చెప్పాడు. అందరూ తల ఊపారు.

అప్పటికి వాగు అవతలి ఒడ్డున నా పుట్టింటివాళ్లు నిలబడి ఉన్నారు. వెదుళ్లగుంపు ఊరంతా. ఏటా ఆ రోజు వాళ్లు అక్కడ నిలబడి చూడటం, మన ఇంటివాళ్లు సారా పోయడం అయ్యాక వాగు దాటి వచ్చి మన ఇంట్లో నీళ్లు తాగి పోవడం నీకు తెలుసు. మురిసిపోయి చూడటానికి వస్తారని నువ్వు అనుకున్నావు. ఈసారి వాళ్లు పూలదండ చూశారు. మా అన్న చెంచురామయ్య ముందు వెనక్కి తిరిగాడు. ఆయన వెనక అందరూ తిరిగారు. ఒక్కరూ వాగు దాటలేదు.

మన ఇంటి మగపిల్లవాడికి చెంబు చేతికిచ్చే రోజే ఈ సంగతి చెబుతారు. అంతకుముందు చెప్పరు, ఆడదాని నోట అసలే చెప్పించరు. కట్టు తప్పి రాస్తున్నాను, పెద్దలు నా తప్పు మన్నించాలి.

ఫితూరీ కాలంలో వెదుళ్లగుంపువాళ్లు పిల్లా పాపలతో గుట్ట మీది బండసందులో దాక్కున్నారు. ఆ దారి బయటివాళ్లకు తెలియదు. దొరను అక్కడికి నడిపించింది మన ఇంటి పెద్ద, మీ ముత్తాతకు తాత. దొర మగవాళ్లను ఇప్పచెట్లకు ఉరి తీయించాడు. గాదెలు తగలబెట్టించాడు. ఆ ఆకలికి పిల్లలు పోయారు. తిరుగు దారిలో దొరకు జ్వరం తగిలి మన ఊళ్లో చచ్చాడు. సిపాయిలు వాగు ఒడ్డున పూడ్చి పోయారు. అక్కడ వాడి కొలువు ముప్పై ఏళ్లో ఎంతో అని రేకు మీద రాసుకున్నారు కదా. మాకు తెలిసిన కొలువు ఆ ఒక్క వానాకాలమే.

మన పెద్దను వాళ్లు కొట్టి దారి అడిగారని మన ఇంట్లో చెబుతారు. ఎర్ర కంబళి ఇస్తే చెప్పాడని నా పుట్టింట్లో చెబుతారు. రెండిళ్ల అన్నం తిన్నదాన్ని, ఏది నిజమో నాకు తెలియదు.

ఆ తరువాత పశువులు చచ్చాయి, గుడిసెలు అంటుకున్నాయి. దొర లేచి తిరుగుతున్నాడని జనం వణికిపోయారు. అప్పుడు ఊళ్ల పెద్దలు కూర్చుని మన ఇంటి మీద తప్పు వేశారు. 'తెచ్చినోడే కాయాలె' అన్నారు. ఏటా కొత్త గింజ నోట పెట్టే ముందు దొరకు కడుపునిండా సారా పోసి, చుట్ట పెట్టి, "తాగు, పండు, లేవకు" అని చెప్పాలి. వెదుళ్లగుంపువాళ్లు చూడాలి. చూశాకే మన చేతి నీళ్లు తాగుతారు. పూజ కాదు బిడ్డా అది. దండుగ. మనం పూజారులం కాము, తప్పు పడ్డవాళ్లం.

నన్ను ఈ ఇంటికి ఇచ్చేటప్పుడు నా తల్లి నాలుగు రోజులు పొయ్యి ముట్టించలేదు. ఆ ఊరి నుంచి ఈ ఇంటికి వచ్చిన మొదటి పిల్లను నేనే. ఇన్నేళ్లకు మాన్పుకుంటూ వచ్చిన పుండు ఇది. నువ్వు పటాలానికి పోయేటప్పుడు మీ చిన్నాయన చెంబు చూరులో దోపి అన్నాడు, "గీ చెంబు నాతోనే పోవాలె. పోరడన్న తల ఎత్తుకొని నడవనీ." అందుకే నీ చేతికి ఇవ్వలేదు. నీ పూజారితనం లాక్కోవడానికి కాదు.

నిన్న పెద్దలు మళ్లీ కూర్చున్నారు. మా అన్న ఒక్క మాటే అన్నాడు. "అప్పుడు గంతే, ఇప్పుడు గంతే. తెచ్చినోడే కాయాలె." ఇప్పుడు తెచ్చినవాడివి నువ్వు. నీ చేత్తో నువ్వు పోసేదాకా మన ఇంటి నీళ్లు ముట్టరట. నేను పుట్టింటి గడప తొక్కకూడదట.

మొదటే చెప్పి ఉంటే ఇంత జరిగేది కాదు. సిగ్గుపడి దాచాను. ఇప్పుడు దానికి కూడా సిగ్గుపడుతున్నాను.

చిన్నమ్మ

56 ఏపీఓ
20 జనవరి 2004

చిన్నమ్మా,

ఇన్ని రోజులు రాయలేకపోయాను. నీ ఉత్తరం వంటశాల వెనక కట్టెల దగ్గర నిలబడి చదివాను. ఆ ప్యాంటు పంపిన చెయ్యి, మన మాట మాట్లాడవద్దని రాసిన చెయ్యి ఇదే కదా అని చూసుకున్నాను. చిన్నాయన పగ్గం కట్టుకుని నిలబడ్డ ఫొటో ఇక్కడ నోటీసు బోర్డుకు అంటించారు. వచ్చేపోయేవాళ్లు నన్ను మెచ్చుకుంటుంటే తల ఎత్తలేకపోతున్నాను.

మీరు దిబ్బకు ఏటా సారా పోసింది కాపలాకు. దండం పెట్టింది నేను. ఇక్కడ ఆ బొమ్మ ముందు నుంచి పోయిన ప్రతిసారీ సెల్యూట్ కొట్టాను, జూన్ నుంచి అందరికన్నా గట్టిగా కొట్టాను. గుట్ట దారి చూపించిన మన పెద్దను కొట్టారో, కంబళి ఇచ్చారో నీకు తెలియదన్నావు. నన్నయితే ఎవరూ కొట్టలేదు చిన్నమ్మా. చెయ్యి పట్టుకుని ఊపారు, అంతే, అన్నీ చెప్పేశాను.

గ్లాసు నేను పోయనని చెప్పాలనుకున్నాను. సుబేదార్ సాబ్ గది గుమ్మం దాకా పోయాను. "క్యా హై పూజారీ?" అన్నాడు నవ్వుతూ. "కుఛ్ నహీఁ సాబ్" అని వచ్చేశాను. ఇది నువ్వు చదివి ఊళ్లో ఎవరికీ చెప్పకపోతే బాగుండుననిపిస్తుంది. కానీ చెప్పు. లాన్స్ నాయక్ పట్టీ కూడా వచ్చింది, కుట్టుకున్నాను. విప్పేసే ధైర్యం లేదు.

రైజింగ్ డే నాడు బ్యాండు మోగింది. అందరూ అటెన్షన్‌లో నిలబడ్డారు. వెండి గ్లాసు, రమ్ము సీసా నా చేతికిచ్చారు. నేను బొమ్మ ముందుకు పోయి గ్లాసు నిండా పోశాను. కొంచెం కింద ఒలికింది. అప్పుడు మన మాటలో చెప్పాను. తాగు. పండు. లేవకు. మొదట పెదవులతోనే అన్నాను. చిన్నాయన బయటికే అంటాడని గుర్తొచ్చి, రెండోసారి బయటికే అన్నాను. హాలంతా వినిపించింది.

తరువాత కర్నల్ సాబ్ పిలిచి అదేం మంత్రమని అడిగాడు. మా ఇంటి మాట సాబ్ అన్నాను. ఆయన చాలా సంతోషించి భుజం తట్టాడు. అందుకూ సిగ్గేసింది.

బొమ్మకు పోస్తే దిబ్బకు పోసినట్టు కాదని తెలుసు. మీ అన్నను లెక్కలోకి తీసుకోమని అడగడం లేదు. జరిగింది చెప్పమని మాత్రమే రాస్తున్నాను. నావల్ల నీకు పుట్టింటి గడప లేకుండా పోయింది. ఏ ముఖం పెట్టుకుని ఊరికి రావాలో తెలియడం లేదు.

దస్రు

తునికిగూడెం
22 ఫిబ్రవరి 2004

బిడ్డ దస్రుకు చిన్నమ్మ దీవెనలు.

నీ ఉత్తరం తీసుకుని వాగు దాకా పోయాను. ఇవతలి ఒడ్డున నేను నిలబడ్డాను, అవతలి ఒడ్డుకు మా అన్న వచ్చాడు. గడప తొక్కవద్దన్నారు కానీ అరవవద్దని ఎవరూ అనలేదు కదా. టీచరమ్మ గొంతు ఇంకెందుకు పనికొస్తుంది, మొత్తం చదివి వినిపించాను. సుబేదారు గుమ్మం దాకా పోయి తిరిగొచ్చిన ముక్క దగ్గర నా గొంతు తగ్గింది. "గట్టిగ సదువు" అన్నాడు. గట్టిగా చదివాను. బయటికే అన్నావన్న ముక్క రెండుసార్లు చదివించుకున్నాడు. తిరిగి ఊళ్లోకి పోయాడు.

వారం తరువాత నలుగురు మగవాళ్లతో, గడ్డపారలతో వచ్చాడు. చలువరాయిని ముక్కలు చేస్తారని మీ చిన్నాయన భయపడ్డాడు, పోలీసులు మళ్లీ వస్తారని. వాళ్లు పగలగొట్టలేదు. పెకిలించి, పేరు కిందికి వచ్చేటట్టు దిబ్బ మీద బోర్లా వేశారు. మా అన్న దాని మీదికి ఎక్కి కాలితో తొక్కి చూశాడు. "రాయి మంచి బరువుంది. పడుకొని ఆని పేరు ఆడే సదువుకుంటడు" అన్నాడు. పండుగ తరువాత వెదుళ్లగుంపువాళ్లు మన ఊళ్లో నవ్వడం అదే మొదలు. మీ చిన్నాయన నవ్వలేదు, కానీ పగ్గం కట్టిన ఆ ప్యాంటుతోనే సిమెంటు పెళ్లలు ఎత్తిపోశాడు. చేను పనికి అది బాగుందట, ముళ్లు గుచ్చుకోవట.

పోయేముందు మా అన్న మన గడప బయట నిలబడ్డాడు. నేను గబగబా నీళ్లు తెచ్చాను. చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు చూసి, తాగకుండా నా చేతికే ఇచ్చేశాడు.

"పిలగాన్ని కొత్తల పండుగకు రమ్మను. దొరకు పోసి వచ్చినంక ఆని చేతుల నీళ్లు తాగుత" అన్నాడు.

వాళ్లు పోయాక మీ చిన్నాయన అరుగు మీద కూర్చున్నాడు. పెయ్యదూడ వచ్చి మోకాలు నాకుతున్నా పట్టించుకోలేదు. తరువాత లేచి చూరులో దోపిన చెంబు తీసి నా ముందు పెట్టాడు. ఆయన కళ్లు నిండి ఉన్నాయి. ఏ బరువు నీ దాకా రాకూడదని ఇన్నేళ్లు మోశాడో అది నీ దాకా వచ్చిందని ఆయన బాధ.

ఏ ముఖంతో రావాలని అడిగావు. ఉన్న ముఖంతోనే రా. ఇప్ప పూలు ఈ ఏడు బాగా రాలేటట్టున్నాయి, సారాకు కొదవ ఉండదు. సెలవు ఇప్పుడే అడుగు. చెంబు చింతపండుతో తోమి పెట్టాను.

చిన్నమ్మ